తాడు పట్టేవాడు

జకర్యా అయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. ఆయన దగ్గర బైబిలు చదువుకున్న మా అందరికీ ఇది అనుభవమే. స్నేహితుల్ని చూసి ఎంచుకోమని ఆయన ఆదివారం ప్రసంగంలో చెబితే, ప్రభుదాసు ఉండబట్టలేక మర్నాడే వెళ్లి అడిగాడు.

"అందర్నీ ప్రేమించమన్నాడు కదండీ ప్రభువు. మరి మనుషుల్ని ఏరుకోవడం గర్వం కాదాండీ?"

వాడి బాధ వేరే. ఎప్పుడూ వెంట ఉండే సుందరపాల్ వాడేమన్నా తలూపుతాడు. యోనా మాత్రం తప్పు కనబడితే మొహమ్మీదే చెప్పేస్తాడు. అందుకని యోనా ఎదురైతే ప్రభుదాసు దారి మార్చుకుంటున్నాడు.

అయ్యగారు వాదించలేదు. చర్చి బావి పూడిక తీయాలి, రేపు నువ్వు దిగు అన్నారు. మా వైపు బావిలోకి దిగేవాడే తాడు పట్టేవాణ్ణి ఎంచుకుంటాడు. ప్రభుదాసు క్షణం ఆలోచించకుండా సుందరపాల్ పేరు చెప్పాడు.

పొద్దున్నే బొక్కెనలో దీపం పెట్టి దించారు. అడుగున మంచి గాలి లేకపోతే దీపం ఆరుతుంది. దిగిన మనిషి గతీ అంతే. సగం లోతుకు వెళ్లేసరికి దీపం ఆరిపోయింది. చుట్టూ సంఘమంతా చూస్తుంటే వెనక్కి తగ్గడం ప్రభుదాసుకి నామోషీ అయింది. ఏదో గాలి విసురుకు ఆరిందిలే అన్నాడు. సుందరపాల్ కూడా అదే మాటన్నాడు. లోపల భయంగానే ఉందని తర్వాత మా దగ్గర ఒప్పుకున్నాడు. ప్రభుదాసు తాడు నడుముకు బిగించుకున్నాడు.

పిలవకుండానే వచ్చిన యోనా వెళ్లి తాడు చుట్ట మీద చతికిలబడ్డాడు.

"నన్ను లేపి దిగు."

ప్రభుదాసు నానా మాటలూ అన్నాడు. నీకు నేనంటే అసూయ అని కూడా అన్నాడు. యోనా కదల్లేదు. ఆపుదామని అప్పటికే గాభరాగా గట్టు దాకా వచ్చేసిన అయ్యగారు, వాణ్ణి చూసి ఆగిపోయారు.

మళ్లీ దీపం దించారు, మళ్లీ ఆరింది. మూడోసారి కూడా ఆరేసరికి ప్రభుదాసు గట్టు మీంచి వెనక్కి జరిగాడు. చెడు గాలి పోయేలా బొక్కెన తాడుకి వేపకొమ్మలు కట్టి గంటసేపు బావిలో పైకీ కిందికీ ఆడించాక గానీ దీపం నిలవలేదు. అప్పుడు ప్రభుదాసు సుందరపాల్ చేతిలోంచి తాడు తీసి యోనా చేతికిచ్చి దిగాడు. సాయంత్రం ఒళ్లంతా బురదతో పైకొచ్చి యోనాని వాటేసుకుని ఏడ్చాడు, అంతలోనే నవ్వాడు. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

సుందరపాల్ ఒక్కడే దూరంగా తల వంచుకుని కూర్చున్నాడు. ప్రభుదాసు అయ్యగారి దగ్గరకొచ్చి, జవాబు దొరికిందనీ, ఇక జన్మలో వాడితో మాట్లాడననీ చెప్పాడు.

అయ్యగారు బావిలోకి తొంగిచూశారు. ఇంకా సగం పూడిక అలాగే ఉంది.

"రేపు సుందరపాల్ దిగుతాడు. తాడు పట్టడానికి నీ పేరే చెబుతాడు. దీపం ఆరిపోతే, మాట్లాడకుండానే ఉంటావా?"