ముసలి ఏటీవీకి తువ్వాలు బేరం

పాలకోన రాజు జగ్గభూపతికి ఒకనాడు పొద్దున్నే ఏటీవీ కొనాలని బుద్ధి పుట్టింది. లావుపాటి నాలుగు చక్రాలతో రాళ్ళనీ బురదనీ లెక్కచెయ్యకుండా పోయే మోటారు బండి అది. రాజుల కాలంలో ఏటీవీ ఎక్కడిదని అడగకండి. రాజుగారే అడగలేదు. పన్నెండేళ్ళ కిందట ఓడ మీంచి రెండు దిగాయి. ఒకటి కొండవాలు రైతు చిలకమ్మ దగ్గరుంది, రెండోది ఆస్థాన పరీక్షకుడు భుజంగరావు పెరట్లో ఉంది.

"చిలకమ్మ తన బండి నడుపుకుంటూ వచ్చింది. సరైన ధరేమిటో తేల్చు" అని భుజంగరావుకు చెప్పాడు రాజు.

ఆ రాజ్యంలో కదిలేదాన్ని దేన్నయినా సంతలో ఎద్దును చూసినట్టే చూస్తారు. భుజంగరావు ముందు దీపాల మధ్య వేళ్ళు పెట్టి పళ్ళు వెతికాడు. సీటు మీద సుడులు చూశాడు. తోక కోసం వెనక తడిమి, వేడి పొగగొట్టం పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు.

"ఒక్క పన్నూ లేదు ప్రభూ. అయినా కరుస్తోంది. పది వరహాలే ఎక్కువ. ఇదే ఈడుది నా దగ్గరొకటి ఉంది. తమరు కాబట్టి రెండు వందలకే ఇస్తాను."

చిలకమ్మ మొహం వాడిపోయింది. "రేపో మాపో తొలకరి పడతాది బాబూ. దుక్కిటెడ్లు కొనుక్కుందామని వచ్చాను. పదికి దూడైనా రాదు."

గుర్రపుశాల చూసే గవరయ్యకు ఒళ్ళు మండింది. రెండు బండ్లకూ చక్రాలు బిగించేది అతనే. రెండూ ఒకేలా అరిగాయని అతనికి తెలుసు. కానీ పరీక్షకుడి మాట తప్పని మొహం మీదే అంటే ఉన్న కొలువు ఊడుతుంది.

"ప్రభూ, ధర బాబుగారే చెప్తారు. కాకపోతే సంత పద్ధతిలో, తువ్వాలు కింద" అన్నాడు.

ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుని ధర చెప్తారు. వేలికి పది వరహాలు. తువ్వాలు తీసేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, తీశాక మాట తప్పకూడదు.

రాజు సరేనన్నాడు. గవరయ్య భుజం మీది తువ్వాలు తీసి తన చేతుల మీద పరిచాడు.

"ఒకటే షరతు బాబూ. ఆ ధరకి మీరు ఈమె బండి కొనాలో, మీ బండి రాజుగారికి అమ్మాలో, తువ్వాలు తీశాక చిలకమ్మ చెప్తాది."

భుజంగరావు ధీమాగా ఒక్క వేలు పట్టుకున్నాడు. అంతలో తన బండి పదికి పోతున్నట్టు తోచి, గాభరాగా పది వేళ్ళూ పట్టేసుకుని, ఇంకా కావాలన్నాడు.

"రెండు వందలకి నా చేతులు చాలవు బాబూ" అంటూ గవరయ్య చతికిలబడి రెండు కాళ్ళూ తువ్వాలు కిందికి జాపాడు. భుజంగరావు వాటినీ పట్టుకున్నాడు. అది చూసి చిలకమ్మ సంబరంగా బండి తాళం ఆయన ముందుకు చాపింది.

భుజంగరావు చటుక్కున కాళ్ళు వదిలేశాడు. మళ్ళీ మూడు వేళ్ళు. మళ్ళీ తొమ్మిది. తువ్వాలు కింద రెండు పిల్లులు కొట్టుకుంటున్నట్టుంది. పరీక్షకుడి నుదుట చెమట కారుతోంది.

"ఏమయ్యా, ఇందాక చిటికెలో చెప్పావు కదా?" అన్నాడు రాజు.

"ఇందాక అది ఆవిడ బండి ప్రభూ. ఇప్పుడు ఎవరిదో తెలియడం లేదు."

ఆఖరికి ఎనిమిది వేళ్ళ దగ్గర ఆయన చేతులు ఆగాయి. గవరయ్య తువ్వాలు లాగేశాడు.

"ఎనభై. చిలకమ్మ చెప్పేలోగా నువ్వు చెప్పు, కొనాలనుందా, అమ్మాలనుందా?" అడిగాడు రాజు.

"ఏదైనా ఒకటే ప్రభూ" అన్నాడు భుజంగరావు నీరసంగా.

గవరయ్య చేతులు కట్టుకుని లేచాడు.

"కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకటే అనిపించిందంటే, సరైన ధర అదే ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. "అయితే ఆ ధరకి నేనే కొంటాను" అని చిలకమ్మ చేతిలో ఎనభై వరహాలు పోయించాడు. మంచి జత ఎడ్లకు సరిగ్గా సరిపోతాయని ఆమె కళ్ళు తుడుచుకుంది. పరీక్షకుడి జరీ శాలువా అప్పటికప్పుడే గవరయ్య భుజాల మీదికి వచ్చింది. కొత్త పరీక్షకుడిగా అతను చేసిన మొదటి పని, పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టొద్దని రాజుగారికి చెప్పడం.