వట్టి రోట్లో మూడు దెబ్బలు

దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు చాపుకో. ఊఁ కొట్టాలి సుమా, లేకపోతే కథ అలిగి వెళ్ళిపోతుంది.

అనగనగా ఒక ఊరు కాదు, రెండు ఊళ్ళు. రెండిటికీ మధ్య ఒక వాగు. వేసవిలో ఆ వాగులో మేకపిల్ల కాలు కూడా తడవదు. వానాకాలం వచ్చిందా, ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే.

అటు ఒడ్డున అచ్చియ్యమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా ఆవిడే వెళ్ళి పురుడు పోసేది. ఆవిడకి ఒక్కతే కూతురు, సీతాలు. సీతాలుకి చెవులు బాగానే వినిపించేవి గానీ, నోట మాట రాలేదు. పుట్టుమూగ.

మాట రాకపోతేనేం, అచ్చియ్యమ్మ కూతురికి రోకలితో మాట్లాడడం నేర్పింది. కింద ఇనప పొన్ను తొడిగిన రోకలితో వట్టి రోట్లో కొడితే ఖంగుమని మోగుతుంది. ఒక్క దెబ్బ కొడితే 'బాగున్నాను'. రెండు కొడితే 'విన్నాను'. మూడు గబగబా కొడితే 'ఆపద, వచ్చెయ్'.

ఇంకో మాట కూడా ఉంది, కానీ అది రోకలిది కాదు. సీతాలు చిన్నప్పుడు తల్లి వెంట పురుళ్ళకి వెళ్ళి వేడినీళ్ళు అందిస్తుండేది. మొదటిసారి పిల్ల వణికిపోయింది. అప్పుడు అచ్చియ్యమ్మ కూతురి వీపు మీద అరచేత్తో మూడుసార్లు నెమ్మదిగా తట్టింది. ఒకసారి తట్టి, ఆగి, మళ్ళీ తట్టి. 'భయపడకు, నేనున్నాను' అని దానికి అర్థం. ఆ మాటకి రోకలితో పనేముంది, చెయ్యి అందేంత దూరంలోనే ఉండేవాళ్ళు కదా.

ఆ తర్వాత సీతాలుకి పెళ్ళయింది. ఇటు ఒడ్డున పోతురాజు అనే రైతు ఇష్టపడి చేసుకున్నాడు. అతని తల్లి సూరాయమ్మ. మంచి మనిషే, కాకపోతే నోరు ఊరుకోదు. "మూగదాన్ని తెచ్చావురా, ఇక ఈ ఇంట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాలి గామోసు" అని కొడుకుని సాధించేది. సాధిస్తూనే కోడలికి ముద్ద మీద ఇంకాస్త నెయ్యి వేసేది.

రోజూ పొద్దున్నే సీతాలు వడ్లు దంచేది. దంచిన బియ్యం ఎత్తేశాక, వట్టి రోట్లో ఒక్క దెబ్బ వేసేది. అప్పుడు అటు ఒడ్డు నుంచి రెండు దెబ్బలు వినిపించేవి. అమ్మ విన్నది. ఇక ఆ రోజంతా ఆ పిల్ల మొహం కళకళలాడుతూ ఉండేది. అత్తకేమో ఇదంతా తెలియదు.

అలా ఉండగా సూరాయమ్మ కూతురు వరాలు తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. మర్నాడు పొద్దున్న సీతాలు వట్టి రోట్లో ఖంగుమనిపించింది. అప్పుడు సూరాయమ్మ పరుగున వచ్చింది.

"వట్టి రోలు దంచుతావటే? ఇంట్లో నిండు చూలాలుంది. అరిష్టం కాదూ?"

సీతాలు చేతులతో ఏదో చెప్పబోయింది. సూరాయమ్మ చూస్తేగా. పురుడయ్యేదాకా దంపుళ్ళు పక్కింట్లో చేయించుకుందాంలే అంటూ రోకలి లాక్కుని అటక మీద పడేసింది. ఆ పిల్లకి ఉన్న ఒక్క నోరూ అలా అటకెక్కింది.

మొదటి రోజు అటు ఒడ్డున అచ్చియ్యమ్మ చెవి ఒగ్గి కూర్చుంది. రెండో రోజూ కూర్చుంది. మూడో రోజు వాన పట్టుకుంది, వాగు పొంగింది, వెళ్ళి చూద్దామంటే దారి లేదు. ఆ తల్లి తన రోలు పక్కనే పీట వేసుకుని, రోకలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఇక్కడ, పదకొండో రోజు పొద్దున్న వరాలుకి నొప్పులొచ్చాయి. ఇంకా మూడు వారాలు టైముంది అనుకుంటుండగానే వచ్చేశాయి. పోతురాజు వాగు దగ్గరికి పరిగెత్తాడు. మోకు విసిరితే వాగు లాక్కుపోయింది. దోనె వెయ్యమంటే పడవవాడు దణ్ణం పెట్టేశాడు. ఒడ్డున నిలబడి అరిస్తే అతని కేక అతనికే వినపడలేదు.

లోపల వరాలు చల్లబడిపోతోంది. "వదినా, నన్ను వదలకు" అని సీతాలు చెయ్యి పట్టుకుంది.

అప్పుడు సీతాలు మెల్లగా చెయ్యి విడిపించుకుంది. అటకెక్కి రోకలి దించింది. అత్త ఎదురుగా నిలబడి తన నోరు చూపించింది, రోలు చూపించింది, ఆ తర్వాత వాగు అవతలికి చూపించింది. సూరాయమ్మ ఈసారి చూసింది. చూసి, అర్థమై, అరుగు మీద కూలబడింది.

"మీ అమ్మతో మాట్లాడేదానివా తల్లీ? నేను నీ నోరు కట్టేశానా?"

అయినా భయం భయమే కదా. వట్టి రోలు వద్దంటూ లోపలికెళ్ళి విత్తనాల వడ్లు తెచ్చి రోట్లో పోసింది. సీతాలు దంచింది. దుబ్బుమంది. ఆ చప్పుడు పెరడు కూడా దాటలేదు. సీతాలు తల అడ్డంగా ఊపింది. లోపల వరాలు మూలుగుతోంది.

సూరాయమ్మ ఒక్క క్షణం రోలు వంక చూసింది. ఆ తర్వాత వంగి, రెండు చేతులతో ఆ వడ్లన్నీ తన కొంగులోకి తోడేసింది. "అరిష్టమేదైనా ఉంటే నాకు తగలనీ. దంచమ్మా" అంది.

సీతాలు మూడు దెబ్బలు గబగబా వేసింది. బదులు లేదు. మళ్ళీ వేసింది. వాగు హోరు తప్ప ఏమీ లేదు. మూడోసారి చేతులు బొబ్బలెక్కేలా వేసింది. అప్పుడు అటునుంచి వినిపించింది. ఖంగు, ఖంగు. 'విన్నాను.'

విన్నది సరే, వచ్చేదెలా? సీతాలు ఎర్రగా పారే ఆ నీళ్ళని చూసింది. అమ్మ రాలేదు. ఆ పిల్ల రోకలిని రోటికి ఆనించేసింది.

అప్పుడు మళ్ళీ వినిపించింది. ఖంగు. ఆగి, ఖంగు. ఆగి, ఖంగు. నెమ్మదిగా మూడు. ఆ మాట రోకలితో సీతాలు ఎప్పుడూ వినలేదు. కానీ ఆ పిల్ల వీపు గుర్తుపట్టింది. అమ్మ చెయ్యి వచ్చి వీపు మీద పడ్డట్టే అయింది.

సీతాలు మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. అమ్మ చేస్తుండగా తను చూసినవన్నీ ఒక్కటీ వదలకుండా చేసింది. బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. కానీ ఏడవలేదు.

సీతాలు ఆ పిల్లని చేతి మీద బోర్లా పడుకోబెట్టుకుంది. వీపు మీద తట్టింది. ఆగి, మళ్ళీ తట్టింది. మూడోసారి తట్టగానే బిడ్డ కేర్‌మంది.

అప్పుడు సూరాయమ్మ ఏం చేసిందో తెలుసా? పెరట్లోకి పరిగెత్తి, ఆ రోకలి పట్టుకుని, వట్టి రోట్లో ఎడాపెడా దంచేసింది. లెక్కా లేదు, పద్ధతీ లేదు. కళ్ళంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చివరికి సీతాలు వచ్చి రోకలి అందుకుని, నిదానంగా ఒక్క దెబ్బ వేసింది. 'బాగున్నాం.'

నాలుగు రోజులకి వాగు తగ్గింది. అచ్చియ్యమ్మ నడుంలోతు నీళ్ళలో నడిచొచ్చింది. బాలింతని చూసింది, బిడ్డని ఎత్తుకుంది, కూతురి చేతులు తిప్పి తిప్పి చూసి కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత అడిగింది.

"ఆ రోజు మా సీతాలు దెబ్బకి ముందు ఎవరో తెగ దంచారు. నాకొక్క ముక్కా అర్థం కాలేదు. ఎవరే అది?"

సీతాలు నవ్వి అత్తని చూపించింది. సూరాయమ్మ రెండు చేతులూ జోడించింది.

"నేనే వదినా" అంది. "నాకు మీ మాటలు రావుగా. ఇలాంటి కూతుర్ని కన్నందుకు నీకు దణ్ణం పెట్టుకున్నాను."

ఆ తర్వాత ఆ ఇంట్లో రోకలి మళ్ళీ అటకెక్కలేదు. రోజూ పొద్దున్న అటునుంచి రెండు దెబ్బలు వినిపించాకే సూరాయమ్మ పొయ్యి అంటించేది.

ఆ పాపని సీతాలు అలా వీపు మీద తట్టే నిద్రపుచ్చేది. ఆ పాప పెద్దదై, తన పిల్లల్ని, వాళ్ళ పిల్లల్ని కూడా అలాగే జోకొట్టింది. ఎవరా పాప అంటావా? ఇప్పుడు నీ వీపు మీద ఉన్న చెయ్యి ఎవరిదే పిచ్చితల్లీ?

ఖంగున ఒకటి, బాగున్నామని,
ఖంగు ఖంగు, విన్నామని,
మెల్లగ మూడు, నేనున్నానని.
కథేమో వాగు దాటి కంచికి,
మనమేమో దుప్పటి కప్పి ఇంటికి.