ఎర్ర మేజోడు, నీలం మేజోడు: పాలచెలమ పాదాలస్వామి కథ

శ్రీ పాదాలస్వామి వారి సన్నిధికి వచ్చే భక్తులు పాలచెలమ జంక్షన్‌లో రైలు దిగి, ఉత్తరపు గేటు దాటి పది నిమిషాలు నడవవలెను. దూరం నుంచి గోపురం కనిపిస్తుందేమోనని వెతకవద్దు. మన స్వామికి గోపురం లేదు. ఫుట్‌బాల్ మైదానం, దానికి తెల్లరంగు వేసిన గోలుకంబాలు కనిపిస్తే చేరినట్టే. దక్షిణపు గోలుకంబాల వెనుక, రేకుల కప్పు కింద, చిన్న రాతి అరుగు మీద స్వామి వెలసి ఉన్నారు.

విగ్రహం మోకాళ్ళ వరకే ఉంటుంది. పై భాగం ఏమైందో ఎవరికీ తెలియదు. ఆంజనేయస్వామి పాదాలని కొందరు, ఎవరో వీరుడి పాదాలని కొందరు అంటారు. పూజారి కేశవయ్య గారిని అడిగితే, "మొక్కేది ఎట్లాగూ పాదాలకే కదప్పా, ఉండేవి అవే" అని తీర్థం పోస్తారు. ప్రసాదంగా చీనీకాయ, అంటే బత్తాయి తొనలు పెడతారు. ఆట సగంలో ఆటగాళ్ళకు ఇచ్చేది అదే కాబట్టి స్వామికీ అదే నైవేద్యం.

మొదటిసారి వచ్చినవారు ఆశ్చర్యపోయేది మాత్రం స్వామివారి మేజోళ్ళను చూసి. ఒక పాదానికి ఎరుపు, ఒక పాదానికి నీలం. సన్నిధి ముందున్న అంగళ్ళలోనూ అదే వరస. రెండూ ఒకే రంగువి కావాలని అడిగితే అంగడివాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏ ఊరప్పా మీది?" అంటాడు. ఈ ఆచారం ఎట్లా వచ్చిందో చెప్పమని యాత్రికులు అడిగి అడిగి కేశవయ్య గారి గొంతు పోతున్నందున, ఈ చిన్న పుస్తకం రాసే పనిని కమిటీ వారు కార్యదర్శినైన నాకు అప్పగించారు.

పూర్వం ఇక్కడ ఒక బీడు ఉండేది. పూర్వమంటే కృతయుగం కాదు. ఊరికి రైలు వచ్చిన తరువాతి మాటే. బీడును చదును చేసి మైదానం చేసేటప్పుడు హనుమంతు అనే కూలీ గోలుకంబం కోసం గుంత తవ్వుతుండగా గడ్డపార ఖంగుమంది. మట్టి తీసి చూస్తే రెండు రాతి పాదాలు. హనుమంతు వాటిని కదిలించడానికి ఒప్పుకోలేదు. గోలుకంబాలనే రెండు గజాలు ముందుకు జరిపారు. అందువల్ల మా మైదానం నేటికీ రెండు గజాలు పొట్టిదే. హనుమంతు పోయాక అతని భార్య మారెక్క మైదానం ఊడ్చే పనిలోకి వచ్చింది. పొద్దున పాదాలకు దీపం పెట్టడం, ఆట రోజున సున్నంతో గీతలు వేయడం ఆమె పని. గోలుకంబాల పక్కనున్న ఒంటిగది ఆమె ఇల్లు.

ఇక ఆట సంగతి. మా ప్రాంతాన్ని ఉప్పువంక అనే వాగు రెండుగా చీలుస్తుంది. ఏటా కార్తీకమాసం మూడో ఆదివారం, వంకకు పడమటనున్న ఉన్నత పాఠశాలల మేటి ఆటగాళ్ళను ఏరి ఒక జట్టు, తూర్పున ఉన్నవారిని ఏరి ఒక జట్టు చేసి పోటీ పెట్టేవారు. దీన్ని ఏరికోరు ఆట అనేవారు, ఇప్పటికీ అంటారు. పడమటి వారికి ఏడు పాఠశాలలు. తూర్పున రెండే, రైలుపేటది, కోటవీధిది. రైలుపేట మేజోళ్ళు ఎరుపు, కోటవీధివి నీలం. ఏరికోరు ఆటకు తెల్లచొక్కాలు మాత్రం ఉమ్మడిగా ఇచ్చేవారు, మేజోళ్ళు ఎవరి బడివి వారివే. తన బడి గుర్తు ఒంటి మీద ఒక్కటైనా ఉండాలని పిల్లలే పట్టుబట్టేవారు.

ఈ రెండు బడులకూ ఏడాది పొడుగునా పడేది కాదు. రైలుపేట పిల్లవాడు కోటవీధి కుళాయిలో నీళ్ళు తాగడు. కోటవీధి వాడు రైలు కట్ట మీద నడవడు. అటువంటి పదకొండు మందిని ఒక్కరోజు కలిసి ఆడమంటే ఎట్లా ఆడతారు? తెల్లచొక్కాలు వేసుకుని, లోపల ఎవరి జట్టుగా వారు ఆడారు. తొమ్మిదేళ్ళు వరుసగా ఓడారు. మేటివాళ్ళను ఏరామని అనుకున్నాం గాని, మేటి పగలను ఏరినట్టయింది.

పదో ఏడు, అంటే 1971లో, పురపాలక సంఘం వారు ఒక మాట అన్నారు. ఈసారీ ఓడితే ఏరికోరు ఆట శాశ్వతంగా పడమటికి పోతుందని, ఆట లేని నేలలో పత్తి గోదాము కడతామని. ఊరి పెద్దలు సరేనన్నారు. ఓటమి అలవాటైనవారికి గోదాము నయమనిపించింది. మారెక్కకు మాత్రం దిగులు పట్టుకుంది. గోదాము వస్తే ఆమె గది పోతుంది, పని పోతుంది, భర్త గడ్డపార ఆపి కాపాడిన పాదాలు నేల గచ్చు కింద పూడిపోతాయి.

ఆట రోజు ఉదయం తూర్పు జట్టు పాదాలకు మొక్కడానికి వచ్చింది. ముందు డ్రిల్లు మాస్టరు శేషప్ప సారు, వెనుక ఆరుగురు ఎర్రవాళ్ళు, ఐదుగురు నీలంవాళ్ళు, మధ్య బండి పోయేంత సందు. మైదానంలో ఒక్క గీతా లేదు. మారెక్క సున్నపు డబ్బా మీద మూత పెట్టి, దాని మీద కూర్చుని ఉంది.

"గీతలెయ్యలేదేం మారెక్కా? పదింటికి ఆట!" అన్నారు శేషప్ప సారు.

"తెల్లార్జామున స్వామి కల్లోకొచ్చినాడు సారూ. ఎడమకాలి మేజోడు తీసి ఈళ్ళకు వాళ్ళు, వాళ్ళకు ఈళ్ళు ఇచ్చుకోవల్లంట. ఒక కాలు ఎరుపు, ఒక కాలు నీలం. లేకుంటే నా ముందర ఆడొద్దన్నాడు."

ఎర్రవాళ్ళ నాయకుడు సుందరరాజు మండిపడ్డాడు. వాడు మా ప్రాంతంలోకెల్లా వేగంగా పరుగెత్తే ఆటగాడు, నోరు కాళ్ళకంటే వేగం. "ఆ నీలంగుడ్డ నాకు తగిల్తే కాలు కోసుకుంటా!" అన్నాడు.

"కోసుకో నాయనా. ఆటయినంక కోసుకో" అంది మారెక్క, డబ్బా మీద నుంచి లేవకుండా.

పడమటి నుంచి వచ్చిన రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. పదింటికి గీతలు లేకపోతే ఆట జరగనట్టే, జరగకపోతే తూర్పు ఓడినట్టే. శేషప్ప సారు దైవభీతి గల మనిషి, అంతకంటే ఎక్కువగా రెఫరీ భీతి గల మనిషి. "తీయండ్రా మేజోళ్ళు!" అని అరిచారు. ఎవరికెవరు జతో మారెక్కే వేలుపెట్టి చూపింది. ఐదు జతలు కుదిరాయి, ఆరో ఎర్రవాడు మిగిలిపోయాడు. వాడు గోల్‌కీపరు. "నువ్వు యాడికీ పోవు కదా, ఉండేవి ఉండనీ" అంది మారెక్క. అందుకే నేటికీ గోల్‌కీపరుకు ఈ నియమం లేదు.

సుందరరాజుకు జతగా ఆమె చూపింది కోటవీధి దస్తగిరిని. దస్తగిరి అంటే నేనే. స్థల పురాణంలో రాసేవాడు దూరకూడదని కేశవయ్య గారు అభ్యంతరం చెప్పారు గాని, నన్ను తీసేస్తే కథలో గోలు పడదు. అంతకు ముందు ఏడాది రెండు బడుల ఆటలో సుందరరాజు మోకాలి చిప్ప కింద నా బూటు తగిలి వాడు పదిహేను రోజులు మంచం పట్టాడు. నేను బంతినే తన్నాను. ఆనాడూ అదే చెప్పాను, ఈనాడూ అదే చెబుతున్నాను. వాడు మాత్రం నమ్మలేదు. మూడేళ్ళుగా ఎదురెదురుగా ఆడుతున్నా నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. "ఆ నీలపోడు" అనేవాడు. నేను వాణ్ణి ఏమనేవాణ్ణో భక్తులు చదివే పుస్తకంలో రాయలేను.

వాడు మేజోడు విప్పి నా మీదికి విసిరాడు. నేను నాది విప్పి వాడి కాళ్ళ దగ్గర పడేశాను. మారెక్క లేచి చకచకా గీతలు వేసింది.

మొదటి సగంలో పడమటి వారు ఒక గోలు కొట్టారు. చీనీ తొనలు తింటూ మేం ఎవరి మూలన వాళ్ళం కూర్చున్నాం. ఎడమ కాలు నాది కానట్టే ఉంది. మారెక్క తన గది గడప మీద కూర్చుని, పాదాల వైపు గాక మా కాళ్ళ వైపే చూస్తోంది. రెండో సగంలో సుందరరాజుకు బంతి చిక్కింది. ఇద్దరు పడమటివాళ్ళు వాడి మీద పడ్డారు. తల ఎత్తే వ్యవధి లేదు. కంటి కొసకు కుడివైపున ఒక ఎర్ర మేజోడు కనబడింది, బంతిని అటు తోశాడు. ఆ ఎర్ర మేజోడు నా ఎడమకాలిది.

మూడేళ్ళలో రైలుపేట వాడి కాలి నుంచి నాకు బంతి రావడం అదే మొదటిసారి. విస్తుపోయి నిలబడబోయాను. ఎట్లాగో తన్నాను. గోలయింది. సుందరరాజు పరుగెత్తుకుంటూ వచ్చి నా కాలు చూశాడు, తరువాత ముఖం చూశాడు.

"నువ్వా!" అన్నాడు.

"నేనే" అన్నాను.

వాడు కొట్టడానికి వచ్చాడనుకుని నేను చేతులు అడ్డం పెట్టుకున్నాను. "దస్తగిరీ, మళ్ళీ ఇస్తా. ఆడ్నే ఉండు" అన్నాడు.

ఆ పిలుపుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదహారేళ్ళవాణ్ణి, చెమట అని చెప్పి తుడుచుకున్నాను. ఆ తరువాత మేజోళ్ళ రంగు ఎవరూ చూడలేదు. చివరి నిమిషాల్లో నా దగ్గర బంతి ఉండగా సుందరరాజు ఎడమవైపు నుంచి నా పేరు పెట్టి అరిచాడు. నేను తల ఎత్తి, వాడి ముఖం చూసి, మరీ ఇచ్చాను. రెండు ఒకటితో గెలిచాం. గోదాము మాట మళ్ళీ ఎత్తినవాడు లేడు. మారెక్క ఆ సాయంత్రం మిగిలిన సున్నమంతా నీళ్ళలో కలిపి స్వామి అరుగుకు పూసింది.

చాలా ఏళ్ళ తరువాత, ఆమె మంచాన ఉన్న రోజుల్లో, నేను చీనీకాయలు తీసుకుని చూడబోయి అడిగాను. "అవ్వా, నిజంగా కలొచ్చిందా?"

ఆమె చాలాసేపు నవ్వింది. "మీరు బంతి ఇచ్చేటప్పుడు మొగం సూడరు నాయనా, మేజోడు సూస్తారు. గీతల పక్కన కూసోని తొమ్మిదేండ్లు సూసినా. ఆ మాట నేను సెప్తే సున్నమేసే దానికేం తెలుసంటారు. స్వామి సెప్పినాడంటే ఇంటారు." మళ్ళీ తానే, "స్వామి పాదాలే సూపించినాడు కదా, సెప్పినట్టే" అంది. ఈ సంగతి అచ్చు వేయవచ్చా అని కమిటీలో రెండు వారాలు చర్చ జరిగింది. వేయవచ్చని నిర్ణయమైంది. మారెక్క మాటకు మించిన కల ఈ సన్నిధిలో మరొకటి లేదు.

ఆనాటి ఆచారం నేటికీ తప్పలేదు. ఏరికోరు ఆట ఉదయం ఇరుజట్ల వారూ ఇక్కడికి వస్తారు. పడమటివారు కూడా పదేళ్ళు ఓడిన తరువాత మాకూ మేజోళ్ళు మార్చుకునే హక్కు కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఇప్పుడు ఆడపిల్లల జట్లూ వస్తున్నాయి. తన పాఠశాలకు గిట్టని పాఠశాల వారితో జత కట్టి, ఎడమకాలి మేజోడు విప్పి, ఎదుటివారి పేరు పిలిచి ఇవ్వవలెను. విసరకూడదు. స్వామివారికి మాత్రం ఏ కాలికి ఏ రంగో తగవు రాకుండా ఏటా మారుస్తాము. మాటలు లేని అన్నదమ్ములు, పంపకాల్లో విడిపోయినవారు, ఒకే కార్యాలయంలో పక్కపక్కన కూర్చుని పలకరించుకోనివారు కూడా వచ్చి ఇక్కడ మేజోళ్ళు మార్చుకుంటారు. అటువంటి వారికి స్వామి అనుగ్రహం తొందరగా కలుగుతుందని పెద్దల అనుభవం. మోకాళ్ళ నొప్పులకు సంబంధించి మేము ఏమీ హామీ ఇవ్వలేము.

ఇచ్చిన మేజోడు తిరిగి అడగరాదని నియమం. దానికి కారణం నేను. ఆనాడు ఆటయ్యాక సుందరరాజు మేజోడు నేను వాడికి తిరిగి ఇవ్వలేదు. ఏటా ఆట ఉదయం వాడు ఈ అరుగు దగ్గరికి వచ్చి, "నా మేజోడు తెచ్చినావా దస్తగిరీ?" అని అడిగేవాడు. "ఉతికినా, ఇంకా ఆరలేదు" అనేవాణ్ణి. వాడు రైల్వేలో చేరి దూరపు ఊళ్ళలో పనిచేసిన రోజుల్లోనూ ఆ ఆదివారం తప్పలేదు. జుట్లు నెరిసినా, వాడి మోకాలికి ఆపరేషన్ అయి కర్ర పట్టుకుని వచ్చినా, అదే ప్రశ్న, అదే జవాబు. కర్రతో నా కాలు పొడిచి, "ఇది నీ వల్లనే" అనేవాడు. "బంతినే తన్నినా" అనేవాణ్ణి.

పోయిన మాఘమాసంలో సుందరరాజు కాలం చేశాడు. ఈ ఏడు ఆట ఉదయం నేను అలవాటు కొద్దీ పొద్దున్నే వచ్చి అరుగు పక్కన నిలబడ్డాను. పిల్లలు మేజోళ్ళు మార్చుకున్నారు, పేర్లు పిలుచుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడు జేబులోంచి ఆ పాత ఎర్ర మేజోడు తీసి కేశవయ్య గారి చేతికిచ్చాను. ఆయన దాన్ని స్వామివారి ఎడమ పాదానికి తొడిగారు. ఈ ఏటి దర్శనంలో మీరు చూసేది అదే. మడమ దగ్గర చిరుగు ఉంటుంది, గమనించగలరు.

ఆరింది, సుందరరాజూ. వచ్చి తీసుకో.