గవరమ్మ నడిచిన చుట్టుదారి

అనగనగా అన్నానంటే నువ్వు ఊఁ కొట్టాలి మరి. కొట్టావా? సరే, దుప్పటి కప్పుకుని విను. అనగనగా చుట్టూ చెరకు తోటలున్న ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది.

గవరమ్మకి కాలు ఒక చోట నిలిచేది కాదు తల్లీ. తెల్లారకముందే వాకిలి ఊడ్చేది. చీపురు గోడకి ఆన్చిందో లేదో బిందె చంకన వేసుకునేది. బిందె దించిందో లేదో గేదె దగ్గరికి పరిగెత్తేది. పెళ్ళికి పిలిస్తే ముహూర్తానికి ముందే వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేసేది. "గవరమ్మత్తా, ఒక్క నిమిషం కూర్చో" అని ఎవరైనా అంటే, "కూర్చుంటే ఏటొస్తాది?" అనేది.

ముప్ఫై ఏళ్ళు ఆవిడ బెల్లం గానుగ దగ్గర పనిచేసింది. అక్కడ చెరకు రసం పెద్ద పెనంలో పోసి, కింద ఎండిన చెరకు పిప్పి మండించి, బెల్లం వండుతారు. మంటలోకి పిప్పి ఎగదోయడం గవరమ్మ పని. పగలంతా ఆ పొగ. సాయంత్రం ఇంటికొస్తే తన కట్టెల పొయ్యి పొగ. మొగుడు పోయాక కూడా పని మానలేదు. తన పెంకుటింట్లో తను ఒక్కతే, తన కూడు తనే వండుకుని, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికేది.

అప్పుడు దగ్గు మొదలైంది. మొదటి ఏడాది, పొడి దగ్గేలే అనుకుంది. రెండో ఏడాది బిందె ఎత్తితే ఆయాసం. మూడో ఏడాది చలికాలంలో, ఒక పొద్దున్న వాకిట్లో నాలుగడుగులు వేసేసరికి ఊపిరి ఆడలేదు. నోరు తెరిచింది, గాలి రాలేదు. పెదాలు నీలం తిరిగాయి. గోడ పట్టుకుని అలాగే జారి కూర్చుండిపోయింది.

గవరమ్మకి నూకాలని ఒక్కతే కూతురు. ఆ ఊళ్ళోనే, ఆ చివర కాపురం ఉండేది. కబురు తెలిసి గుండెలు బాదుకుంటూ వచ్చి, తల్లిని ఆటోలో వేసుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు బాగా చూసి చెప్పాడు. "పొగ పీల్చి పీల్చి ఊపిరి గొట్టాలు ఇరుకైపోయాయమ్మా. పోయినంత పోయింది, అది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలి. ఈ మందు రోజూ పీల్చండి. పొగ ఛాయలకి కూడా పోవద్దు."

నూకాలుకి ఆ మాటల్లో "తిరిగి రాదు" అన్నదొక్కటే చెవిలో పడింది. ఆ తర్వాత ఆ పిల్ల భయం చూడాలి! తల్లిని తన ఇంటికి తీసుకుపోయి నులక మంచం మీద కూర్చోబెట్టింది. నీళ్ళు చేతికి అందించేది. కంచం ఒళ్ళో పెట్టేది. తల కూడా తనే దువ్వేది. గవరమ్మ కాలు కింద పెడితే చాలు, వంటింట్లోంచి కేక. "అమ్మా! కదలొద్దన్నానా?"

ఒక నెల అయింది. రెండు నెలలయ్యాయి. మూడు నెలలయ్యాయి. గవరమ్మ ఒళ్ళు మంచం మీద, మనసు వీధిలో. కూర్చుని కూర్చుని మంచం నులక గోళ్ళతో లాగి, ఒక పక్కంతా పీచు చేసేసింది. వీధిలో సైకిలు బెల్లు మోగితే మెడ చాచేది. పక్కింటి వాళ్ళు బట్టలు ఉతుకుతుంటే ఇక్కడ ఈవిడ చేతులు కదిలేవి. నిద్ర లేదు. అన్నం సయించదు. ఇంకో సంగతి కూడా ఆవిడ కనిపెట్టింది. వచ్చిన కొత్తలో పెరటి దాకా వెళ్ళగలిగేది. ఇప్పుడు గుమ్మం దాకా వెళ్ళినా రొప్పు వస్తోంది. పిక్కలు పుల్లల్లా అయిపోయాయి.

ఒకరోజు నూకాలు మొగుడితో అంటున్న మాట గవరమ్మ చెవిన పడింది. "అమ్మ ఇల్లు ఊరికే పడుంది. చెరకు నరకడానికొచ్చినోళ్ళని ఉండమందాం. మాయమ్మ ఇంక అక్కడికి ఎల్లేది నేదు కదా."

అది వినగానే గవరమ్మ లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. దొడ్డి తలుపు తీసుకుని గబగబా వీధిలో పడింది. తన ఇంటికి పోవాలి, అంతే. వీధి కుళాయి దాకా వెళ్ళిందో లేదో కళ్ళు తిరిగాయి. కుళాయి దగ్గరి ఆడవాళ్ళు పట్టుకుని, చెరో రెక్కా పుచ్చుకుని వెనక్కి తెచ్చారు. నూకాలు తిట్టలేదు. ఏడ్చింది. తిట్టినా బాగుండేది అనుకుంది గవరమ్మ. ఆ ఇల్లు ఎవరికో ఇచ్చే మాట మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఆసుపత్రిలో చూపించుకునే రోజు వచ్చింది. అక్కడ సలోమి అని ఒక అమ్మాయి ఉంది. ఊపిరి ఆడనివాళ్ళకి నడక, వ్యాయామం నేర్పించడం ఆ అమ్మాయి పని. గవరమ్మ పిక్కలు చూసి, "రోజూ ఎంత నడుస్తున్నారమ్మా?" అని అడిగింది.

"నడవనిస్తే కదా!" అంది గవరమ్మ.

"నడిస్తే ఆయాసం వస్తాది మేడం" అంది నూకాలు.

"వస్తుంది. కానీ ఆయాసం వస్తుందని కూర్చోబెడితే కాళ్ళలో బలం పోతుంది. బలం లేని కాళ్ళు ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతాయి. ఇంకో ఆరు నెలలు ఇలాగే ఉంచితే మీ అమ్మగారు మంచం దిగలేరు." "అయితే ఎలా నడవాలో సెప్పండి మేడం" అంది నూకాలు.

సలోమి మూడు సంగతులు నేర్పింది. ముక్కుతో పువ్వు వాసన చూసినట్టు మెల్లగా పీల్చాలి, పెదాలు సున్నాలా చుట్టి వేడి గంజి ఊదినట్టు ఇంకా మెల్లగా వదలాలి. రొప్పు వస్తే ఆగి, ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి అలా ఊదాలి. "ఇక మూడోది, మాట్లాడుతూ నడవగలిగినంత జోరుగానే నడవాలి. మాట తెగిందా, మీరూ ఆగాలి."

"అంత మెల్లగా నడిస్తే ఎప్పటికి చేరతాను?" అంది గవరమ్మ.

"చేరతారు కదా" అంది సలోమి.

రోజుకి పది నిమిషాలే నడవమని సలోమి అంటే గవరమ్మ ఊరుకుంటుందా? మూడో వారానికే అరగంట నడిచేసింది. అదీ ఎలాగ? తరుముతున్నట్టు! ఊరి బయట కల్వర్టు దగ్గర ఛాతీ బిగుసుకుపోయింది. చుట్టుపక్కల మనిషి లేడు. పిలుద్దామంటే గొంతు రాలేదు. చచ్చిపోతాననే అనుకుంది. అప్పుడు పిట్టగోడ మీద చతికిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, ఊదింది. మళ్ళీ ఊదింది. ఎంతసేపు ఊదిందో ఆవిడకే తెలీదు. మెల్లగా గాలి లోపలికి వచ్చింది. చెరకు ఆకులు గలగలమంటున్న చప్పుడు మళ్ళీ వినిపించింది. ఈసారి తన శత్రువు నూకాలూ కాదు, దగ్గూ కాదు, తన తొందరే అని గవరమ్మకి తెలిసింది. తెలిసినా ఆ తొందర పోతుందా? అరవై ఏళ్ళ అలవాటు! రోజూ దాంతో పేచీనే. ఒక కాలు పరిగెడదామంటుంది, ఇంకో కాలు ఆగమంటుంది. నడుస్తూ నోట్లో తనకి తనే కబుర్లు చెప్పుకునేది. మాట తెగగానే, తిట్టుకుంటూ ఆగేది.

అలా రెండు నెలలు. మెల్లగా నడుస్తూనే కుళాయి దాటింది, రేషను కొట్టు దాటింది, కల్వర్టు దాటి వచ్చింది. అప్పుడు కూతుర్ని కూర్చోబెట్టి అడిగింది. "నా ఇంటికి నేను ఎల్తానే నూకాలూ."

"నలుగురూ నన్నేటైనా అంటే? నీకేటైనా అయితే?"

"పొద్దున్న నీ ఇంట్లో బయల్దేరతాను. ఒక్కదాన్నే. అక్కడ వండుకుని తింటాను. సాయంత్రం నువ్వొచ్చి సూడు. బాగోపోతే ఈ మంచం మీదకే వస్తాను, మళ్ళీ మాటాడను."

నూకాలు చివరికి ఒప్పుకుని, మొగుడి చేత అక్కడ గ్యాసు పొయ్యి పెట్టించింది. పాత మట్టి పొయ్యిని గవరమ్మే పగలగొట్టించింది.

ఆ పొద్దున్న గవరమ్మ మందు పీల్చి, డబ్బా బొడ్లో దోపుకుని బయల్దేరింది. ఆత్రంలో ఫోను మంచం మీదే మరిచిపోయింది. కుళాయి వచ్చింది, ఆగింది. కొట్టు వచ్చింది, ఆగింది. ఇంక గానుగ ఒక్కటి దాటితే తన వీధే. తన ఇంటి పెంకులు కూడా కనిపిస్తున్నాయి.

అంతలో గాలి తిరిగింది. గానుగ పొగ అంతా దారికి అడ్డంగా పడింది, తెల్లగా, దుప్పటి పరిచినట్టు.

గవరమ్మ నిలబడిపోయింది. ముప్ఫై అడుగులు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెత్తితే అయిపోతుంది. కాళ్ళు లాగేస్తున్నాయి. ఎన్ని వేలసార్లు దాటలేదు ఆ పొగని! ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. గొంతులో గరగర మొదలైంది.

అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది.

ఇంకో దారి కాలువ గట్టు మీదుగా, ఊరు చుట్టూ తిరిగి పోవాలి. మూడింతల దూరం. గవరమ్మ ఆ దారి పట్టింది. నాలుగు మాటలు, నాలుగు అడుగులు. రొప్పు వస్తే గట్టు మీద కూర్చోవడం. మళ్ళీ లేవడం. ఎండెక్కింది. ఒకసారి కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి, నొప్పికి కాదు, విసుగుకి. అయినా పరిగెత్తలేదు.

ఇక్కడ నూకాలు ఏం చేసింది? సాయంత్రం దాకా ఆగలేకపోయింది. ఫోను చేస్తే మంచం మీదే మోగింది! పరుగున తల్లి ఇంటికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. గానుగ దగ్గర అడిగింది. "పొగ చూసి ఎనక్కి తిరిగింది, ఆ తర్వాత తెలీదు" అన్నారు. ఇంక చూడు, కుళాయికీ కొట్టుకీ కల్వర్టుకీ ఒకటే పరుగు. ఎక్కడా లేదు. మళ్ళీ తల్లి ఇంటికి వచ్చేసరికి, తలుపు తీసి ఉంది. లోపల గవరమ్మ కూర తరుగుతోంది.

"అమ్మా!" అంది నూకాలు. ఒకటే రొప్పు.

"ముందు ఊపిరి తీసుకో. ముక్కుతో పీల్చు. నోటితో ఊదు. తొందరేటే నీకు?" అంది గవరమ్మ.

నూకాలు గుమ్మంలోనే కూలబడి నవ్వింది, ఏడ్చింది, తల్లి చెప్పినట్టే ఊదింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కంచంలో వంకాయ కూరా అన్నం తిన్నారు.

ఊపిరితిత్తులు బాగైపోయాయా అంటావా? లేదు తల్లీ. ఆ మందు రోజూ పీల్చాల్సిందే. చలికాలం రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. కానీ వెళ్ళి, మళ్ళీ తన ఇంటికే వచ్చింది.

ఆ మొదటి సాయంత్రం నూకాలు వెళ్ళిపోయాక, గవరమ్మ తలుపు దగ్గరికి వేసి, గిన్నెలు బోర్లించి, ఒక పీట లాక్కుని అరుగు మీద పెట్టుకుంది. కదలొద్దని ఎవరూ అనలేదు. చీకటి పడేదాకా, ఊరికే, హాయిగా కూర్చుంది.

ఊఁ అనడం లేదేం? నిద్రొచ్చిందా?

కథ మెల్లమెల్లగా కంచికి,
మనం అడుగు అడుగుగా ఇంటికి,
కునుకు చల్లచల్లగా కంటికి.