బోర్లించని కుండ

కోటిలింగాన్ని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన దగ్గర కూర్చున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. దేవుడున్నాడా అని అడిగినవాడి చేతికి ఒకసారి జనుము ఇచ్చి, పటానికి తాళ్ళు పేనమన్నాడు. వాడు మూడు రోజులు పేని, చేతులు బొబ్బలెక్కించుకుని, మళ్ళీ ఆ ప్రశ్న జోలికి పోలేదు. దేవుడు ఉన్నాడని తెలిసిందో లేడని తెలిసిందో నేను చెప్పలేను.

ఆయన పటం కథకుడు. ముప్పై మూరల బట్ట మీద బొమ్మలుంటాయి. దాన్ని రెండు కర్రల మధ్య ఒక్కొక్క బొమ్మ చొప్పున విప్పుకుంటూ పోతూ, ఒక కులంవాళ్ళకు వాళ్ళ కథే చెప్పడం ఆ ఇంటి వృత్తి. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో కుమ్మరుల కథ చెప్పే హక్కు ఈ ఒక్క ఇంటిదే. డెబ్భై దాటిన కోటిలింగానికి కొడుకులు లేరు. చెల్లెలి కొడుకు ఉపేందరే శిష్యుడూ వారసుడూ. పదకొండేళ్ళు ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాడు.

ఆ ఉపేందర్ ఒకనాడు పొద్దున్నే వచ్చి, చెప్పులు విడవడం కూడా మరిచి గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"మామా, లోకమంత ఒక్కటైతున్నదంటున్నరు గద. అట్లయితే మనం మిగులుతమా? బయటోళ్ళు వచ్చి మన కథను తినేస్తరా?"

అతని భయానికి కారణం లేకపోలేదు. ఆ ఏడు ఎండాకాలంలో ఒక సంస్థవాళ్ళు అతణ్ణీ, డప్పు కొట్టే ఓదెలునూ విదేశాలకు తీసుకుపోయారు. మూడు దేశాలు, పద్నాలుగు నగరాలు, నలభై ఒక్క ప్రదర్శనలు. మన దగ్గర ఈ కథ పొద్దున ఎత్తుకుంటే దీపాల వేళకు గాని దిగదు. అక్కడ ఇచ్చింది పద్దెనిమిది నిమిషాలు. వాళ్ళ తప్పేముంది, ఆ పూట ఇంకా పదకొండు దేశాలవాళ్ళు వరసలో ఉన్నారు. నిర్వాహకురాలు మంచి మనిషే. పక్కన కూర్చుని ఏది ఉంచుదాం, ఏది తీసేద్దాం అని ఓపికగా అడిగింది. మూలపురుషుడు కట్టెలు చాలక సొంత ఇంటి దూలాలు పీకి, కుండలు కాల్చే మొదటి ఆవంలో వేసే ఘట్టం ఉంచారు. అమ్మవారు కనిపించడం ఉంచారు. చివర డప్పు మోతతో దీవెన ఉంచారు. అన్నిటికంటే ముందు తీసేసింది ఇంటిపేర్లు.

ఈ ఇంటిపేర్ల సంగతి కొంచెం చెప్పాలి. పటం చివర మూడు మూరల మేర బొమ్మలుండవు, ఉత్త ఎర్ర బట్ట. అక్కడికి వచ్చాక కథకుడు ఆ ఊరి కుమ్మరుల ఇంటిపేరు ఒక్కొక్కటీ ఎత్తి, ఆ ఇంటివాళ్ళు ఏ కరువులో ఏ వాగు దాటి వచ్చారో, వచ్చేటప్పుడు ఏం మోసుకొచ్చారో చెప్పాలి. కాగితం మీద రాసుకోకూడదు. బొమ్మ లేనిచోట జనానికి ఏం చూపిస్తారండీ అని నిర్వాహకురాలు అడిగింది. ఉపేందర్ ఆ మూడు మూరలూ చుట్టేశాడు.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. పదకొండేళ్ళ చదువు ఒక పూటలో పద్దెనిమిది నిమిషాలయింది. అయినా అప్పుడతనికి సంతోషమే. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఎవరికి కాదు? పటంలోని అమ్మవారి బొమ్మను గుడ్డ సంచుల మీద అచ్చువేసి బయట అమ్మితే, ఒకటి కొనుక్కుని అమ్మకు తెచ్చాడు కూడా.

చివరి నగరంలో ఒక తెల్ల పిల్ల తెర వెనక్కి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. వీడియో చూసి నేర్చుకున్నానని చెప్పి, అతని ఎదుట నిలబడి ఆ పద్దెనిమిది నిమిషాలూ తెలుగులోనే పాడింది. ఒక్కచోటా తాళం తప్పలేదు. పాడటం అయ్యాక ముచ్చటగా చూస్తూ "తర్వాత?" అంది. ఉపేందర్ నోరు తెరిచాడు. తర్వాత ఏముందో అతనికి రాలేదు. ఆ పిల్లకు ఎంత వచ్చునో తనకూ అంతే వచ్చునని తెలిసి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. విమానంలో వస్తూ దారి పొడుగునా ఇంటిపేర్లు తలుచుకుంటూ వచ్చాడు. మూడిళ్ళ దాకా వచ్చి ఆగిపోయేవాడు.

ఇదంతా మామకు చెప్పలేదు, ప్రశ్న ఒక్కటే అడిగాడు. కోటిలింగం అల్లుణ్ణి చూసి దగ్గాడు.

"ఎల్లుండి ఎర్రమట్టిపల్లెల కథ ఉన్నది. నా గొంతు పట్టుకున్నది. నువ్వే చెప్పు" అన్నాడు.

ఉపేందర్‌కు ముందు కుండలు గుర్తొచ్చాయి. ఆ పన్నెండు ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. కథ రోజున ప్రతి ఇంటివాళ్ళూ ఒక కొత్త కుండ తెచ్చి పటం ముందు వరసగా పెడతారు. ఇంటిపేరు చెప్పినప్పుడల్లా కథకుడు ఆ ఇంటి కుండలో పసుపు నీళ్ళు చిలకరిస్తాడు. ఏ ఇంటినైనా మరిచాడా, ఆ ఇంటి పెద్ద లేచి వచ్చి, పెదవి విప్పకుండా తన కుండను బోర్లిస్తాడు. దాంతో కథ ఆగిపోతుంది. ఆ కథకుడు మూడేళ్ళు ఆ ఊరి పొలిమేర తొక్కకూడదు. కోటిలింగం తండ్రికి ఒకసారి ఆ గతి పట్టింది. ఆయన ఒక ఇంటి పేరయితే చెప్పాడు గాని, ఆ ఇంటి కోడలు వాగు మధ్యలో బిడ్డను కన్న సంగతి మరిచాడు. కుండ బోర్లించారు. పొద్దు గుంకేలోపు మిగతా పదకొండు ఊళ్ళకూ కబురు పాకింది, వాళ్ళూ పిలవలేదు. ఆ మూడేళ్ళూ కోటిలింగం ఇంట్లో జొన్న గటక తాగి బతికారు.

రెండు రోజులు గడువుంది కదా, మామను అడిగి మళ్ళీ నేర్చుకోవచ్చు కదా అని మీరంటారు. నేనూ అదే అంటాను. కాని పదకొండేళ్ళు అన్నం పెట్టి నేర్పిన మనిషి ముందు నిలబడి, నువ్వు నేర్పింది పోగొట్టుకున్నానని చెప్పడానికి నోరు రావాలి. అతనికి రాలేదు. పటం విప్పితే మాటలు అవే వస్తాయిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే రెండు రోజులూ అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచాడు.

ఎర్రమట్టిపల్లెలో కుమ్మరులవి పందొమ్మిది ఇళ్ళు. పొద్దున్నే పటం ముందు పందొమ్మిది కుండలూ వచ్చి కూర్చున్నాయి. నవ్వకండి, వాటిలో మట్టివి నాలుగే. మిగతావి స్టీలు చెంబులు, ప్లాస్టిక్ డబ్బాలు. ఒకటి పింగాణీ కప్పు, దాని మీద ఏదో దేశపు ఎత్తయిన గోపురం బొమ్మ. కుండలు చేసే సారె తిప్పేవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు, వాళ్ళు చేసేవి కూడా పట్నం హోటళ్ళకు పోతాయి. చెంబయినా కప్పయినా బోర్లిస్తే బోర్లించినట్టే గనక, ఉపేందర్ కంటికి అవన్నీ కుండలే. కోటిలింగం పోయి వెనకాల ముసలమ్మల పక్కన, కండువా నెత్తిన వేసుకుని కూర్చున్నాడు.

బొమ్మ చూస్తే మాట వచ్చింది గనక కథ బాగానే నడిచింది. మొదటి ఆవం దగ్గర ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఎండ పడమటికి వాలింది. పటం విప్పుకుంటూ విప్పుకుంటూ ఉపేందర్ ఎర్ర బట్ట దగ్గరికి వచ్చాడు.

"మట్టెలవారు, గోదారి పొంగిన ఏడు సారె నెత్తిన పెట్టుకుని వచ్చిన్రు" అని పసుపు నీళ్ళు చిలకరించాడు. "సిలివేరివారు, ఆవం నిప్పు ఆరకుండ చిప్పల పట్టుకుని వచ్చిన్రు. కొత్తూరివారు, గుడ్డి తల్లిని కావడిల మోసుకుని వచ్చిన్రు."

నాలుగో కుండ మీదికి చేయి పోయింది. పేరు రాలేదు. ఎర్ర బట్ట వైపు చూశాడు, అక్కడేముంటుంది? ఓదెలు ఒక దరువు ఎక్కువ వేశాడు, ఇంకొకటి వేశాడు. అప్పుడు ఉపేందర్ నోరు తనంతట తానే దీవెన ఎత్తుకుంది. నలభై ఒక్కసార్లు పలికిన దీవెన. ఓదెలు చేతులకూ ఆ దారే అలవాటయింది కాబట్టి, డప్పు మోత ఆకాశాన్నంటింది. పదహారు ఇళ్ళు పోయాయి.

ఉపేందర్ నోరు పాడుతోంది, కళ్ళు కుండల మీద ఉన్నాయి. ఏ చేయి వస్తుందో, ఎటునుంచి వస్తుందో అని కాచుకున్నాడు. మూడో వరసలో ఒక ముసలాయన లేచాడు. కులపెద్ద నాంపెల్లి. మామ ముఖం, తాత తాగిన గటక, అమ్మ ముఖం అన్నీ ఉపేందర్ కళ్ళ ముందు తిరిగాయి. ముసలాయన రెండడుగులు వేసి, ఎండలోంచి నీడలోకి జరిగి, మళ్ళీ కూర్చున్నాడు.

దీవెన అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊళ్ళో కథకు చప్పట్లు కొట్టడం అదే మొదలు.

ఎవరి చెంబులు వాళ్ళు తీసుకుపోతున్నారు. ఒకామె ఆ పింగాణీ కప్పును కొంగుతో తుడిచి మరీ పట్టుకుపోయింది, తడి లేకపోయినా. నాంపెల్లి వచ్చి ఉపేందర్ భుజం తట్టాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. మీ మామయితే సాగదీస్తడు. నువ్వు తొందరగ ఒడగొట్టినవ్."

బతుకు జీవుడా అని తల వంచి నమస్కారం పెట్టి పోవచ్చు. పోవాలనే ఉంది. కాని లోపలి భయం అతణ్ణి నిలవనివ్వలేదు.

"పెద్దయ్యా, నేను మీ ఇల్లు చెప్పలే."

"చెప్పలేదా?" ముసలాయన గుర్తు చేసుకోబోయాడు. "ఏమో, చెప్పినట్టే ఉన్నది."

"మీ ఇంటోళ్ళు ఎక్కడికెల్లి వచ్చిన్రు పెద్దయ్యా? ఏం మోసుకొచ్చిన్రు?"

నాంపెల్లి నవ్వాడు. పిల్లవాడు తెలిసీ తెలియని ప్రశ్న వేస్తే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"నాకేమెరుక బిడ్డా? అది చెప్పేటందుకే గద మీరున్నది" అని, చెంబు చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు.

ఉపేందర్ ఉన్నచోటే కూలబడ్డాడు. శిక్ష తప్పింది, హక్కు నిలిచింది, వచ్చే ఏటికి మళ్ళీ రమ్మంటారు, ఇంకా సంతోషంగా రమ్మంటారు. అయినా అతనికి ఏడుపొచ్చింది. ఎవరో ఒకరు లేచి, ఒక్క చెంబయినా సరే, తన ముఖం మీదే బోర్లించి ఉంటే బాగుండేదనిపించింది. పొద్దటినుంచీ ఏ చేయి రాకూడదని దండం పెట్టుకున్నాడో, ఇప్పుడు ఆ చేయి కోసమే ఖాళీ వాకిలంతా చూశాడు. వాకిట్లో ఎవరూ లేరు. లోపల టీవీలు మొదలయ్యాయి.

బస్సు రోడ్డు మైలు దూరం. పటం చుట్టను భుజాన వేసుకుని ఉపేందర్, వెనకాల కర్ర తాటించుకుంటూ కోటిలింగం నడుస్తున్నారు. ఓదెలు ముందు పోయాడు. సగం దారిలో ఉపేందర్ ఆగాడు.

"మామా, పదారు ఇండ్లు మింగేసిన. నాకు యాదికి రాలే. నలభై దినాలకెల్లి యాదికి వస్తలేదు. నీతోటి చెప్పనీకి సిగ్గయింది."

"ఊఁ."

"నువ్వు వింటనే ఉన్నవ్ గద. నువ్వన్న లేచి ఆపద్దా?"

"ఆ కుండలు నావి కావు అల్లుడా" అన్నాడు కోటిలింగం. "లేచే హక్కు నాకు లేదు."

"వాళ్ళకు తెల్వనే తెల్వలే మామా. ఒక్కళ్ళకు గూడ. నేను బయటోళ్ళను చూసి భయపడ్డ. అక్కడ ఒక తెల్ల పిల్లయితే తర్వాతేందని అడిగింది. వీళ్ళు అది గూడ అడగలే."

కోటిలింగం పటం చుట్ట మీద చేయి వేశాడు. ముసలాయన మాట్లాడినప్పుడు గొంతు స్పష్టంగానే ఉంది. మొన్న అన్నట్టు పట్టుకోవడం, రాసుకుపోవడం ఏమీ లేదు.

"మొన్న ఎండకాలం, నువ్వు దేశాల మీద ఉన్నప్పుడు, పక్కూళ్ళె నేను కావాల్ననే ఒక్క ఇల్లు విడిచిపెట్టి చూసిన. ఎవ్వలు లేవలే. రెండో ఇల్లు విడిచి చూడనీకి నాకు ధైర్యం సాలలే, అల్లుడా."