ఊపిరి తీసే దిబ్బ

అనగనగా అని గట్టిగా అంటే ఎక్కడ వినబడుతుందోనని జనం గొంతు తగ్గించే కోట ఒకటుండేది. దాని పేరు గుమ్మకొండ. భయమేసినవాళ్ళు అమ్మ కొంగు పట్టుకోండి, కథ మాత్రం ఆగదు.

ఆ కోటను ఏలే రుద్రమల్లుడికి ముక్కు మీదే కోపం. ఆయన గుర్రం పేరు ఉరుము. ఒకనాడు వేటలో అది తడబడి, రాజును అందరి ముందూ కింద పడేసింది. ఆ సాయంత్రమే ఉరుము చచ్చిపోయిందన్నారు. గుర్రపుసాల వెనకే పూడ్చామన్నారు. ఎలా చచ్చిందని అడిగే గుండె ఎవరికుంది?

ఆనాటి నుంచి సాలలోని లద్దె, గుర్రాలు పడుకున్న పాత గడ్డి అంతా తెచ్చి ఆ గుంత మీదే పోసేవారు. అది పెరిగి పెద్ద దిబ్బయింది. తెల్లవారుజామున దాని మీద పొగ లేచేది. నిప్పు లేదు, పొగ ఉంది. ఉరుము ఊపిరి తీస్తోందని గుసగుసలాడుకుని, జనం ఆ దారే మానేశారు.

కోటలో పూలతోట చూసే ముసలమ్మ చుక్కమ్మ. ఆమె పెనిమిటి గంగప్ప ఆ తోటలోనే, తాను నాటిన సంపెంగ చెట్టు కింద మట్టిలో కలిశాడు. ఉరుము పోయిన ఏటి నుంచే తోట నేల బండబారింది. గునపం వేస్తే ఖంగుమనేది. సంపెంగ మొగ్గ తొడగడం మానేసింది. వసంతోత్సవానికి అది పూయకపోతే వేళ్ళతో సహా తవ్వించి, చుక్కమ్మను కోట దాటిస్తానన్నాడు రాజు. చెట్టు పోతే పోయె, దాని కింద గంగప్ప ఉన్నాడే! ఆ దిగులుతో ఆమెకు ముద్ద దిగలేదు.

"గుర్రం తొక్కిన నేల రాయి, గుర్రం పడుకున్న నేల వెన్న" అనేది ఆమె అత్త. ఆ మాట గుర్తొచ్చి, సాల ఎరువేస్తే నేల మెత్తబడుతుందని చుక్కమ్మ గంప చేతబట్టి దిబ్బ దారి పట్టింది. భయం లేకనా? ఉంది. కానీ గంగప్ప కంటే దెయ్యం ఎక్కువా?

మొదటిసారి పొగలో చెయ్యి పెట్టి, వేడివేడి లద్దె గంపకెత్తి, మల్లెపాదులో పూడ్చింది. వెనక ఎవరో బరువుగా ఊపిరి వదిలినట్టయింది. ఆమె తిరిగి చూడలేదు. వారం తిరక్కుండానే మల్లె పెనం మీది అప్పడంలా మాడిపోయింది.

నీళ్ళు చాలలేదేమో అనుకుంది. రెండోసారి చేమంతికి వేసి, కడవలు కడవలు పోసింది. ఈసారి గిట్టలు నేలను గీకిన చప్పుడు వినబడింది. చేమంతీ మాడింది.

గడువు ముంచుకొచ్చింది. మూడోసారి గంప నింపుకుని సంపెంగ వైపే అడుగేసింది. అప్పుడు దిబ్బ లోపలి నుంచి, మట్టి నిండిన గొంతుతో మాట వచ్చింది.

"చుక్కమ్మా, ఊపిరి ఆడుతుండగానే పాతిపెడతారా?"

గంప జారిపోయింది. కాసేపటికి తెప్పరిల్లి, ఒలికిన లద్దెలో వేళ్ళు పెట్టి చూసింది. చురుక్కుమంది. దీని వేడి ఇంకా చావలేదు, మొక్క వేళ్ళకు పెడితే కాల్చక ఏం చేస్తుంది అనుకుంది చుక్కమ్మ.

ఆమె తోటకు తిరిగొచ్చేసరికి గొడ్డళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని రాజు రానే వచ్చాడు. మాడిన మొక్కలు చూసి మండిపడ్డాడు. చుక్కమ్మ చేతులు కట్టుకుని, తాను చేసిన పొరపాటంతా ఒప్పుకుంది. ఎరువు మాగేదాకా ఆగమని వేడుకుంది. దిబ్బ అన్న మాటా దాచలేదు.

ఆ మాట వినగానే రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకో తెలుసా? పడేసిందన్న కోపంతో ఆనాడు ఉరుమును కూలిపోయేదాకా కొట్టింది ఆయనే. ఇంకా డొక్క ఎగురుతోంది ప్రభూ అని గుర్రాలవాడు మొత్తుకుంటున్నా, దాని గడ్డితోనే కప్పి పూడ్పించిందీ ఆయనే. ఆ గుర్రాలవాడు అప్పుడే దేశం విడిచిపోయాడు. ఇక ఆ సంగతి తెలిసింది రాజుకూ, ఉరుముకూ మాత్రమే.

"ఎన్నాళ్ళు ఆగాలి?" అన్నాడు రాజు.

"దాని ఊపిరి ఆగేదాకా, ప్రభూ."

గొడ్డళ్ళు వెనక్కి వెళ్ళాయి. ఆ మర్నాటి నుంచి రాజు తలపాగా తీసి పక్కన పెట్టి, తానే పార పట్టాడు. చుక్కమ్మ చెప్పినట్టు దిబ్బలో పైది కిందికీ కిందిది పైకీ తిరగేసేవాడు, నీళ్ళు చల్లేవాడు. తిరగేసినప్పుడల్లా పొగ బుస్సున ముఖానికి కొట్టేది. తప్పయిపోయింది ఉరుమూ అని ఏడ్చేవాడు. వసంతోత్సవం వచ్చింది, పోయింది. వానలూ వెళ్ళాయి. పొగ పలచబడుతూ వచ్చింది.

ఒకనాటి ఉదయం పొగ లేదు. చప్పుడూ లేదు. చుక్కమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. గడ్డేదో లద్దేదో తెలియకుండా కలిసిపోయిన నల్లటి మట్టి, దానికి తొలకరి వాసన, దాని నిండా వానపాములు. అడుగున తెల్లటి ఎముకలు. రాజు వాటిని తన పట్టుబట్టలో చుట్టి, గంగప్ప పక్కనే పూడ్చాడు. ఆ మట్టిని చుక్కమ్మ చెట్టు చుట్టూ పరిచింది.

మరుసటి వసంతానికి సంపెంగ విరగబూసింది. గాలి లేని సంధ్యవేళ కూడా ఆ పూలు మెల్లగా లేస్తూ దిగుతూ ఉంటాయట, నిద్రపోయే గుర్రం డొక్కలాగ. చుక్కమ్మ మాత్రం భయపడదు, ఇద్దరూ హాయిగా పడుకున్నారులే అనుకుంటుంది.

వేడి చల్లారని ఎరువు వేళ్ళను మాడ్చినట్టే, కోపం చల్లారకముందు చేసిన పని బతుకును మాడుస్తుంది.