కాలువలో కూర్చున్న కొండరాయి

ఒకానొక రాజ్యంలో అన్నిటికీ కరువొచ్చింది గాని మాటలకు మాత్రం ఏనాడూ రాలేదు. ఆ రాజ్యం పేరు కుందనగిరి, రాజు పేరు విజయకేతనుడు. తన సభలో జరిగినన్ని చర్చలు ఇంద్రసభలో కూడా జరగవని ఆయనకు మహా గర్వం.

ఆ గర్వానికి ఆజ్యం పోసేవాడు మంత్రి శాంతనామాత్యుడు. పాపం, మంచివాడే. ఏ మతం వాడినీ నొప్పించడు, ఏ మతమూ లేనివాడినీ నొప్పించడు. ఆయన ఔననని మాట లోకంలో పుట్టలేదు. కాకపోతే ఔనన్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఏడు తొలకరి వానలకు కొండచరియ విరిగి, ఒక పెద్ద బండరాయి దొర్లివచ్చి కాలువ మొదట్లో అడ్డంగా కూర్చుంది. దిగువకు చుక్క నీరు పోవడం లేదు. ఆ తర్వాత వానలూ మొహం చాటేశాయి. నారు పోసుకున్న రైతులు గునపాలు, మోకులు పట్టుకొని బయలుదేరారు. అంతలో పురోహితుడు సోమయాజులు అడ్డుపడ్డాడు.

"ఆ రాతి మీద త్రిశూలం గీతలున్నాయి. కొండదేవుడే దిగివచ్చి కూర్చున్నాడు. కదిలించారో, కళ్ళు పోతాయి!"

నగరంలో స్వభావవాదులని కొందరుండేవారు. లోకంలో ఏది జరిగినా దాని స్వభావం వల్ల జరిగేదే గాని దేవుడి వల్ల కాదని వాళ్ళ వాదం. వాళ్ళ నాయకుడి పేరు వీరభద్రుడు. అలాంటి పేరు పెట్టినందుకు ఆయన తన తల్లిదండ్రులను రోజూ తిట్టుకునేవాడు.

"వాన పడింది, మన్ను నానింది, రాయి జారింది. ఇందులో దేవుడెక్కడున్నాడయ్యా?" అన్నాడు వీరభద్రుడు.

రాజుకు పండగైంది. వెంటనే సభ పెట్టించి ఆజ్ఞ వేశాడు. "కారణం తేలనిదే కార్యం తగదు. చర్చ ముగిసేవరకు ఎవరూ ఆ రాయి ముట్టరాదు!"

ఇంకేముంది! రోజూ సభ, రోజూ రభస. సోమయాజులు పురాణం విప్పితే వీరభద్రుడు తర్కం విప్పేవాడు. మధ్యాహ్నం వంటశాల గంట మోగగానే మంత్రి లేచి, "ఉభయుల మాటల్లోనూ సత్యముంది. రేపు మరింత లోతుగా చూద్దాం" అనేవాడు. రాజు తల పంకించి భోజనానికి లేచేవాడు.

ఆ కొలువులో వల్లభయ్య అని ఒక విదూషకుడున్నాడు. రాజును నవ్వించడం ఆయన పని. ఆ రోజుల్లో ఆయనకే నవ్వు రావడం మానేసింది, ఎందుకంటే ఆయన అక్క అచ్చమ్మ పొలం ఆ కాలువ కిందే ఉంది. ఒకనాటి పొద్దున్నే ఆవిడ వచ్చి, ఎండిన నారుకట్ట తమ్ముడి గుమ్మంలో విసిరికొట్టింది.

"ఒరే వల్లభా! ఇంట్లో గింజ మిగల్చకుండా విత్తనమంతా నారు పోశాను. ఇది కాస్తా పోతే ఈ ఏడు మాకు గంజి కూడా లేదు. అంతమంది పెద్దమనుషులు కలిసి ఒక్క రాయిని కదపలేరట్రా?"

"రాయిని కదపొచ్చక్కా. రాజుగారిని కదపడమే కష్టం."

"నీ చమత్కారాలు ఆయన దగ్గర చెయ్యి. నాకు నీళ్ళు కావాలి" అని ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

వల్లభయ్యకు తల కొట్టేసినట్టయింది. నేరుగా సభకు పోయి ఉన్నమాట చెప్పాడు. "ప్రభూ, నారు ఎండిపోతోంది. ముందు రాయి తీయించి, తర్వాత తీరిగ్గా చర్చించుకోవచ్చు గదా!"

రాజు మీసం దువ్వుకున్నాడు. "కడుపు గోల పామరులకయ్యా. మనది సత్యాన్వేషణ."

"వల్లభయ్య మాటలోనూ సత్యముంది" అన్నాడు మంత్రి. అని కూర్చున్నాడు. వల్లభయ్యకు ఒళ్ళు మండిపోయింది.

ఆనాడు వాదం రాయి మీది నుంచి నిప్పు మీదికి మళ్ళింది. కాల్చడం నిప్పు స్వభావమని వీరభద్రుడన్నాడు. అగ్నిదేవుడి అనుమతి లేనిదే గడ్డిపరక కూడా కాలదని సోమయాజులన్నాడు. "రెండింటా సత్యముంది, రేపు తేలుద్దాం" అన్నాడు మంత్రి. ఈ మాట చెవిన పడగానే వల్లభయ్య చల్లగా లేచి వంటశాల వైపు నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నమైంది. గంట మోగలేదు. పొద్దు వాలింది. అప్పటికీ మోగలేదు. చర్చ సాగుతూనే ఉంది గాని వినేవాళ్ళ కళ్ళన్నీ వంటశాల గుమ్మం మీదే ఉన్నాయి. చివరికి రాజు తానే లేచి భోజనశాలకు పోయాడు. వెనకే సభంతా పోయింది. అక్కడ అరిటాకులు వేసి ఉన్నాయి, వడ్డన మాత్రం లేదు. రాజు వంటవాడైన కొండప్పను పిలిపించాడు.

"అన్నమేదిరా?"

"బియ్యం కడిగి పెట్టాను ప్రభూ. కూరలు తరిగి పెట్టాను. పొయ్యి ముట్టించలేదు."

"ఎవడు వద్దన్నాడు?"

"తమరే ప్రభూ. కారణం తేలనిదే కార్యం తగదని తమ ఆజ్ఞ అట గదా. నిప్పు దానంతటది కాలుతుందో, దేవుడు చెబితే కాలుతుందో ఇంకా తేలలేదని వల్లభయ్యగారు చెప్పారు."

"ఇందులోనూ సత్య..." అని మంత్రి అలవాటు కొద్దీ మొదలుపెట్టి, రాజు చూపు చూసి నోరు మూసుకున్నాడు.

"ఏ కారణం వల్ల కాలితే నాకేమిటయ్యా! పేగులు అరుస్తున్నాయి. ముందు పొయ్యి వెలిగించండి, మాటలు తర్వాత!" అని రాజు కేకలేశాడు.

వల్లభయ్య కండువా మూట విప్పి, అక్క విసిరేసిన నారుకట్టను రాజుగారి ఖాళీ ఆకులో పెట్టాడు.

"ప్రభూ, ఇదీ అదే మాట అంటోంది. దీనికి అరవడానికి నోరు లేదు గనుక ఇన్నాళ్ళూ తమకు వినబడలేదు."

మీసం మీదికి పోబోయిన రాజు చెయ్యి మధ్యలోనే దిగిపోయింది. ఆకుకేసి, అందులోని నారుకేసి కాసేపు చూశాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. "నా ఆజ్ఞతో నా కడుపే మాడ్చావు గదయ్యా! ఏనుగుల్ని తోలించండి, ఆ రాయి తీయించండి."

సోమయాజులు మొహం చిన్నబోయింది. వల్లభయ్య ఆయన దగ్గరికి పోయి, "వచ్చినవాడు దేవుడే అయితే మనకు చుట్టమే గదండీ. చుట్టాన్ని గడప మీదే ఉంచేస్తామా? గట్టు మీదికి తెచ్చి మర్యాదగా కూర్చోబెడదాం" అన్నాడు. సోమయాజులు తల ఊపాడు.

"ఎక్కడ పెడితే అక్కడ పడుండడం రాయి స్వభావం. నాకూ సమ్మతమే" అన్నాడు వీరభద్రుడు.

పొద్దుగూకేలోపు ఏనుగులు రాయిని గట్టెక్కించాయి. నీళ్ళు అచ్చమ్మ నారుమడిలోకి పారాయి. ఎండిన అంచులు ఎండిపోయాయి గాని మిగిలిన నారు తెల్లారేసరికి తలెత్తింది.

రాజు తన చేతి బంగారు కంకణం తీసి వల్లభయ్యకిచ్చాడు. "ఇది మా అక్కకు చెల్లుతుంది ప్రభూ. నాకు వేరే వరం కావాలి. ఇకమీదట చర్చ ముగిశాకే పొయ్యి వెలిగించేలా ఆజ్ఞ ఇప్పించండి" అన్నాడు వల్లభయ్య. రాజు పొట్ట పట్టుకొని నవ్వి సరేనన్నాడు.

తర్వాతి సభలో స్వర్గం ఉందా లేదా అని చర్చ మొదలైంది. పొద్దు నడినెత్తికి రాకముందే శాంతనామాత్యుడు లేచి, జన్మలో మొదటిసారి "ఇక చాలు" అన్నాడు. స్వర్గం ఉందో లేదో ఆనాడూ తేలలేదు. భోజనం మాత్రం వేళకే అయింది.